నలభై రెండో ఇష్టరేఖ

విశాఖపట్నంలో ప్రకాశరావు గారి కుటుంబం పదకొండేళ్ళపాటు ప్రతి వేసవికీ అరకు వెళ్ళింది. పిల్లలకి ఇష్టమని తండ్రి తీసుకెళ్ళేవారు. నాన్నకి ఇష్టమని పిల్లలు వెళ్ళేవారు. అందరికీ ఇష్టమని తల్లి పులిహోర కట్టేది. తీరా చూస్తే ఆ కొండ రైలెక్కాలంటే కొడుక్కి వాంతులు, కూతురికి విసుగు, తండ్రికి సెలవు దండగ. ఈ సంగతి బయటపడింది పన్నెండో ఏట, అదీ రైలు తప్పిపోతే. వెళ్ళిపోతున్న రైలుని చూసి ప్లాట్‌ఫారం మీద ముగ్గురూ ఒక్కసారే “హమ్మయ్య” అన్నారు. మొహమాటం ఎంత పని చేస్తుందో చూశారా!

ఆ “హమ్మయ్య” కూతురు సుభాషిణిని వదల్లేదు. పెద్ద చదువులు చదివి, విశాఖలోనే ఒక పరిశోధనశాలలో చేరి, నలభై మూడో ఏట ఒక పట్టీ కనిపెట్టింది. పేరు ఇష్టరేఖ. దాన్ని గాజులా మణికట్టుకి కట్టుకోవాలి. ఎదురుగా ఒక బొమ్మ చూపిస్తారు, లేదా ఒక మాట అడుగుతారు. నోరు “మీ ఇష్టమండీ” అనేలోపు ఒంట్లో ఒక చిన్న కదలిక పుడుతుంది. నాడిలో, చర్మంలో, ఊపిరిలో పుట్టే ఆ కదలికని పట్టీ పట్టేసుకుని తెరమీద గీతగా గీస్తుంది. సున్నా నుంచి నూరుదాకా ఎంత ఇష్టమైతే అంత ఎత్తు.

ఈసారి కుటుంబం అరకు కాదు, అలాస్కా వెళ్ళింది. మంచునదులు, తిమింగలాలు, ఎలుగుబంట్లు చూపించే ఓడ అది. కుటుంబాల కోసమే నడిపే ఆ ఓడవాళ్ళు ఇష్టరేఖ సంగతి విని, “ముందు మీ ఇంట్లోవాళ్ళకే కట్టి చూపించండి, బాగుంటే మేమూ వాడతాం” అన్నారు. టిక్కెట్లు వాళ్ళవే. ఇంకేం కావాలి! ఆరుగురూ బయల్దేరారు. సుభాషిణి పెళ్ళి చేసుకోలేదు, తీరిక దొరకలేదంటుంది. కాబట్టి ఆ ఆరుగురూ అంటే తను, అమ్మ కనకమహాలక్ష్మి, నాన్న ప్రకాశరావు, తమ్ముడు వేణు, మరదలు ఝాన్సీ, వాళ్ళ పదేళ్ళ కూతురు లాస్య.

ఓడ రోజుకో రేవులో ఆగుతుంది. ఒడ్డుకి దిగి ఏం చూడాలో, ఏం చెయ్యాలో ముందురోజు సాయంత్రం ఆరింటిలోపు డెస్కులో చెప్పెయ్యాలి. మొదటిరోజు సాయంత్రం అందరూ పట్టీలు కట్టుకుని కేబిన్‌లో టీవీ ముందు కూర్చున్నారు. ఒడ్డు విహారాల బొమ్మలు ఒక్కొక్కటే వస్తున్నాయి. మంచుబండి లాగే కుక్కల శిబిరం రాగానే ఝాన్సీ గీత తొంభై ఒకటికి ఎగిరింది. ఆమె నోరు మాత్రం “అత్తయ్యగారికి ఏది బాగుంటే అదేనండి” అంటోంది.

“అమ్మ అబద్ధం! అమ్మ తొంభై ఒకటి!” అని లాస్య పకపకా నవ్వింది.

“నోర్ముయ్యవే!” అంది ఝాన్సీ మొహం ఎర్రబడి. అంతలోనే తనకీ నవ్వొచ్చేసింది. “కుక్కపిల్లల్ని ఎత్తుకోనిస్తారా వదినా?”

“నాదేముందమ్మా, ముప్పై నాలుగేళ్ళు పోర్టులో క్రేన్లు నడిపినవాణ్ణి. నేను చూడని ఓడా, చూడని రేవా?” అంటున్న ప్రకాశరావు గారు, ఒక ద్వీపం మీద పాత లైట్‌హౌస్ కనబడేసరికి తొంభై ఆరు కొట్టారు. తెడ్డు వేసుకుంటూ సముద్రసింహాల దగ్గరికి వెళ్ళడం వేణుకి ఎనభై నాలుగు. ఎలుగుబంట్లకి లాస్య గీత నూరు దగ్గర తలుపు కొట్టి ఆగింది.

కనకమ్మగారి గీత మూడు. తరవాత రెండు. నాలుగు. మళ్ళీ మూడు. కుక్కలకీ అంతే, తిమింగలాలకీ అంతే, పూలతోటకీ అంతే.

“బ్యాటరీ అయిపోయిందేమోనే. నా చెయ్యి మంచిది కాదు, వాచీలు కూడా నిలబడవు” అన్నారావిడ, తప్పు తనదైనట్టు.

సుభాషిణి తల్లి పట్టీ తీసి లాస్యకి కట్టింది. నూరు. లాస్యది తల్లికి కట్టింది. మూడు. పట్టీలో ఏ లోపమూ లేదు. ప్రయాణం అయ్యేదాకా ఎవరూ పట్టీ విప్పొద్దని సుభాషిణి అందరికీ చెప్పింది.

మర్నాడు పొద్దున్నే సుభాషిణి పరిశోధనశాలకి ఫోన్ చేసింది. అక్కడ పెద్ద తబస్సుమ్ మేడమ్, గుంటూరు మనిషి. అన్నీ విని, “మర్చిపోయావా సుభా? అది నలభై రెండోది” అంది.

“ఏది మేడమ్?”

“కదలని గీత. మనం ఎనిమిది వందల మందికి కట్టి చూస్తే నలభై ఒక్కరికి అట్లాగే వచ్చింది కదా. పట్టీ సరిగ్గా కట్టుకోలేదని నువ్వే రాసి లెక్కలోంచి తీసేశావు.”

సుభాషిణి ఆ జాబితా తెరిచింది. నలభై ఒక్కరిలో ముప్పై ఏడుగురు ఆడవాళ్ళు. అందరూ యాభై అయిదు దాటినవాళ్ళే. పుట్టినప్పటినుంచీ గాజులేసుకున్న చేతులకి పట్టీ కట్టుకోవడం రాలేదని తను రాసింది! చదువుకుంటే ఇంత తెలివి వస్తుంది కాబోలు. సిగ్గేసింది. సిగ్గు వెనకాలే భయమూ వేసింది. నడవని కాలు సన్నబడినట్టు, అమ్మలో ఇష్టపడటమే చచ్చిపోయిందా? అమ్మకి ఏ కూరంటే ఇష్టమని ఆలోచించింది. ఎంత ఆలోచించినా నాన్నకి ఇష్టమైన కూరలే గుర్తొచ్చాయి.

ప్రయాణం ఆఖరిరోజున ఒక సదుపాయం ఉంది. ఓడ పెద్ద మంచునది ఎదురుగా పొద్దుణ్ణుంచి సాయంత్రందాకా ఆగుతుంది. కుటుంబానికొక పడవ ఇస్తారు, ఎటు వెళ్ళాలో కుటుంబం ఇష్టం. నాన్నకి నచ్చిన ఆ లైట్‌హౌస్ ద్వీపం కూడా అక్కడికి దగ్గరే. ఆ ఒక్కరోజైనా అమ్మ ఇష్టప్రకారం జరగాలని సుభాషిణి పట్టుపట్టింది. అమ్మకి అరవై తొమ్మిదేళ్ళు. మళ్ళీ ఇంతదూరం రాగలదా? కానీ అడగందే అమ్మైనా పెట్టదంటారు, అడిగినా చెప్పని అమ్మని ఏం చెయ్యాలి?

మూడోరోజు ఎలుగుబంట్ల విహారం. అందరికంటే వెనకాల కనకమ్మగారు, ఆవిడ భుజాన ఒక సంచీ, సంచీలో కోతిటోపీలు, మాత్రలు, నీళ్ళు, డబ్బానిండా జంతికలు. ఎలుగుబంట్లున్న చోటికి తిండి తీసుకెళ్ళకూడదని ఓడలో మూడుసార్లు చెప్పారు. అది బిస్కెట్ల సంగతి అనుకున్నారావిడ. దారి చూపించే అమ్మాయి సంచీ వెతికి, జంతికల డబ్బా తీసి, ఇనప పెట్టెలో పెట్టి తాళం వేసింది.

“పోనీ ఆ ఎలుగుబంటికే పెట్టమ్మా, ప్రాణమున్నదే కదా” అన్నారు కనకమ్మగారు. సుభాషిణి ఇంగ్లీషులో చెబితే ఆ అమ్మాయి కడుపుబ్బ నవ్వింది. అలా పెడితే రేపణ్ణుంచి అది ప్రతి సంచీనీ చింపుతుందనీ, ఆఖరికి దాన్నే కాల్చాల్సొస్తుందనీ చెప్పింది. కనకమ్మగారు లెంపలు వేసుకున్నారు.

వాగు ఒడ్డున చెక్కల మంచె ఎక్కారు. తల్లి ఎలుగు నీళ్ళలో నిలబడి చేపని పట్టింది. రెండు పిల్లలు దానిమీద పడ్డాయి. లాస్య ఊపిరి బిగబట్టి చూస్తోంది. కనకమ్మగారు ఎలుగుని చూడలేదు, లాస్య మొహం చూశారు. ఆవిడ గీత ఇరవైకి లేచి దిగింది. తరవాత ఝాన్సీ చేతితొడుగులు పట్టుకున్నారు, వేణు కెమెరా మూత పట్టుకున్నారు, “ఏవండీ, చెవులు కప్పుకోండి” అని భర్తని మందలించారు. పట్టుకోవడానికి అమ్మకి రెండు చేతులే ఉన్నాయి, అయినా అందరివీ ఎలా పట్టాయోనని సుభాషిణి ఆశ్చర్యపోయింది.

ఓడకి తిరిగొచ్చి టీ తాగుతూ, ఆ మూడురోజుల గీతలూ వరసగా పరిచి చూసుకుంది. అమ్మ గీత సముద్రంలా చదునుగా ఉంది. ఒక్కచోట కన్ను ఆగింది. నిన్న సాయంత్రం నాలుగూ పదికి ఎనభై ఎనిమిది!

నాలుగూ పదికి ఏం జరిగింది? అందరూ కింద హాల్లో తిమింగలాల సినిమా చూస్తున్నారు. నాన్న స్వెట్టర్ తేవడానికి అమ్మ కేబిన్‌కి వెళ్ళింది. స్వెట్టర్ తేవడానికి పదకొండు నిమిషాలు పట్టింది. సుభాషిణి ఓడవాళ్ళని అడిగి వాళ్ళ కెమెరాలో చూసింది. అమ్మ బాల్కనీలో నిలబడి ఉంది. స్వెట్టర్ భుజం మీద ఉంది, చేతులు ఖాళీగా ఉన్నాయి. ఎదర నీళ్ళు, ఆవల కొండ. అంతే.

ఇంకా వెతికింది. రెండోరోజు పొద్దున్నే, మిగతావాళ్ళు లేవకముందు, డెక్కు మీద తొమ్మిది నిమిషాలు. ఎనభై. అదే మధ్యాహ్నం బట్టలుతికే గది దగ్గర, మిషను తిరుగుతుంటే, ఒక్కతే. డెబ్భై అయిదు. ప్రతిసారీ అంతే. ఎవరో ఒకరు “అమ్మా” అనో, “నానమ్మా” అనో, “కనకం” అనో పిలవగానే గీత కిందపడింది.

అమ్మ ఇష్టం చచ్చిపోలేదు, బతికే ఉంది. కానీ సుభాషిణికి సంతోషం రాలేదు. కళ్ళనీళ్ళొచ్చాయి. మేం లేనప్పుడేనా అమ్మా నీకు బాగుండేది? నిన్ను సుఖపెట్టాలని ప్రపంచం కొసదాకా మోసుకొస్తే, నీకు కావలసింది మేం పక్కకి పోవడమా? చిన్నపిల్లలా అలిగి అరగంట కూర్చుంది. తరవాత టీ చల్లారిపోయిందని గమనించి, ఈ అరగంటా తనని ఎవరూ పిలవలేదని కూడా గమనించింది. తనకి ఇలాంటి అరగంటలు రోజుకి పది ఉంటాయి. అమ్మకి పెళ్ళయిన ఈ నలభై ఆరేళ్ళుగా తొమ్మిది నిమిషాలు, పదకొండు నిమిషాలు. అలక పోయింది.

తిన్నగా వెళ్ళి అడిగేసింది. “అమ్మా, ఎల్లుండి మేమంతా పడవలో వెళ్తాం. నువ్వొక్కదానివే ఓడలో ఉంటావా?”

సుభాషిణి చేతిలో తెరమీద గీత తొంభై నాలుగు! కనకమ్మగారి మొహం మాత్రం చిన్నబోయింది.

“అదేంటే? నేనేం పాపం చేశాను? నడవలేకపోతున్నానా? మీకు అడ్డమొస్తున్నానా?”

“అది కాదమ్మా...”

“నేనూ వస్తాను. అందరం కలిసే వెళ్దాం. ఒక్కదాన్నీ కూర్చుని ఏం చేస్తాను?” అన్నారావిడ. గొంతులో బెంగ నిజంది. గీతా నిజమే. రెండిట్లో ఏది అమ్మ అంటే ఏ మిషనూ చెప్పలేదు. సుభాషిణి తెర ఆర్పేసింది.

అడిగితే పాడైపోతుంది, సరే. అడక్కుండా ఇవ్వాలి. దానికి ముందు ఒక పెద్ద అడ్డు తొలగాలి, ఆ అడ్డు పేరు నాన్న. భార్య ఓడలో ఉండిపోతుందంటే, “ఒక్కతే ఎలా ఉంటుంది, తోడు నేనుంటాను” అని లైట్‌హౌస్ వదులుకునే మనిషి ఆయన. అంత మంచివాడితో వచ్చే చిక్కే అది. సుభాషిణి ఆయన్ని డెక్కు చివరికి తీసుకెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

“నేనేమన్నా కష్టపెట్టానా దాన్ని?” అన్నారు ప్రకాశరావు గారు.

“లేదు నాన్నా.”

“మరి?”

జవాబు ఆయనే మెల్లగా చెప్పారు. “నేను డ్యూటీ అయిపోయాక కూడా క్రేన్ కేబిన్లో ఓ పావుగంట కూర్చునేవాణ్ణమ్మా. అంత ఎత్తున. ఎవడూ పైకి రాడు. ఊరికే సముద్రం చూసేవాణ్ణి. తరవాత దిగి ఇంటికొచ్చేవాణ్ణి. లేటేంటని మీ అమ్మ ఒక్కరోజూ అడగలేదు. దానికి మాత్రం క్రేనేది?” చేతిగుడ్డ తీసి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. “ఏం చెయ్యాలో చెప్పు. అబద్ధమాడాలా? ఆడతాను.”

మర్నాడు పొద్దున తబస్సుమ్ మేడమ్ మళ్ళీ ఫోన్లోకి వచ్చింది, ఈసారి వీడియోలో. సుభాషిణి గీతల సంగతి చెప్పేసరికి ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది.

“అంటే ఆ నలభై ఒక్కరికీ పట్టీ బాగానే పనిచేసింది. మనం చూపించిన బొమ్మల్లోనే వాళ్ళకి కావలసింది లేదు!”

“అవును మేడమ్. అన్నీ ఎక్కడికో వెళ్ళేవే చూపించాం. ఎక్కడికీ వెళ్ళకపోవడం చూపించలేదు. వాళ్ళందర్నీ మళ్ళీ లెక్కలో చేర్చండి.”

“చేరుస్తాను. కానీ రుజువు కావాలి సుభా. రేపు మీ అమ్మగారు ఆరు గంటలు ఒక్కరే ఉంటారు కదా? ఆ ఆరు గంటల గీత ఒక్కటి తెచ్చివ్వు. మన రెండేళ్ళ పని నిలబడిపోతుంది.”

మేడమ్ అడిగినదాంట్లో తప్పులేదు. తనైనా అదే అడిగేది. కానీ ఆ ఆరు గంటల్లో అమ్మ ఏమనుకుంటుందో, ఏ నిమిషానికి ఎంత సంతోషపడుతుందో తను తెరమీద చూస్తూ కూర్చుంటే, అమ్మ ఒక్కతే ఉన్నట్టు ఎలా అవుతుంది?

“ఆ గీత నేను తేలేను మేడమ్” అంది.

“ఎందుకని?”

“అప్పుడు అమ్మకి పట్టీ ఉండదు. మిగతా నలభై ఒక్కర్నీ అడిగి, వాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళకి కడదాం. ఏడాది ఆలస్యమవుతుంది. ఓడవాళ్ళు ఆగుతారో లేదో తెలీదు.”

తబస్సుమ్ మేడమ్ నిట్టూర్చింది. “మా అమ్మీ కూడా వంటింటి తలుపు వేసుకుని కాసేపు బయటికొచ్చేది కాదు. తలనొప్పి అనుకునేవాళ్ళం” అని ఫోన్ పెట్టేసింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర నాటకం మొదలైంది. “రేపు మన పట్టీల సిగ్నల్ అందుకునే రిసీవర్ పైడెక్కు మీద పెట్టాలి. పొద్దుణ్ణుంచి సాయంత్రందాకా దాని పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి. ఎర్రదీపం వెలిగితే మీట నొక్కాలి. అంతే పని. ఓడవాళ్ళకి అప్పజెప్పలేను” అంది సుభాషిణి.

“నేనుంటాలే అక్కా” అన్నాడు వేణు. వాడికి సంగతి తెలీదు. సుభాషిణి బల్లకింద వాడి కాలు తొక్కింది.

“వాడొద్దు. వాడికి నిలకడ లేదు” అన్నారు ప్రకాశరావు గారు, ఇద్దరు పక్కబల్లవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా. “నేనూ ఉండను. నాకు మిషన్లు తెలీవు!” ముప్పై నాలుగేళ్ళు క్రేన్లు నడిపిన మనిషి ఆ మాటంటే నవ్వాపుకోవడం సుభాషిణి తరం కాలేదు.

కనకమ్మగారు పళ్ళెంలోంచి తలెత్తారు. “నీ పని కదా, తప్పుతుందా? నేను కూర్చుంటాలే. మీరు వెళ్ళిరండి.”

“ఒక్కదానివే...”

“ఒక్కదాన్నైతే ఏం? నన్నెవరెత్తుకుపోతారు?” అన్నారావిడ. రిసీవర్ పక్కనుండేవాళ్ళు పట్టీ కట్టుకుంటే సిగ్నల్ చెడిపోతుందని చెప్పి సుభాషిణి ఆవిడ మణికట్టునించి దాన్ని విప్పేసింది.

ఆఖరిరోజు ఎండ కాసింది. మైలు వెడల్పున మంచునది సముద్రంలోకి దిగి నిలబడి ఉంది, పగుళ్ళలో నీలంగా. పడవ వేళయిపోతోందని డెస్కువాళ్ళు పిలుస్తుంటే సుభాషిణి హడావుడిగా పైడెక్కు మీద పెట్టె పెట్టి, కుర్చీ వేసి, తల్లికి దుప్పటి కప్పింది. ఆవిడ సంచీ మాత్రం కిందికి పట్టుకుపోయింది. పడవ కదిలాక ప్రకాశరావు గారు ఒక్కసారి వెనక్కి తిరిగారు. చెయ్యి ఊపబోయి, మానేసి, లైట్‌హౌస్ వైపు తిరిగి కూర్చున్నారు.

లైట్‌హౌస్ చూశారు. మేకుల బూట్లేసుకుని మంచుమీద నడిచారు. ఝాన్సీ రెండుసార్లు జారిపడింది. వేణు చేతితొడుగు పోగొట్టుకున్నాడు, ఎవరి చేతిలో ఉందోనని చుట్టూ చూసి, ఎవరి చేతిలోనూ లేదని తెలిసి ఊరుకున్నాడు. మధ్యాహ్నం దూరాన ఉరిమినట్టు చప్పుడైంది. మంచుగోడ ముక్క విరిగిపడిందని పడవమనిషి చెప్పాడు. వీళ్ళకి కొండ అడ్డమొచ్చి కనబడలేదు. ఓడమీంచి బాగా కనబడి ఉంటుందన్నాడు.

నాలుగింటికి తిరిగొచ్చారు. కనకమ్మగారు కుర్చీలో అలాగే ఉన్నారు. దుప్పటి జారిపోయింది, జుట్టు గాలికి రేగింది, ఎండకి ముక్కు ఎర్రబడింది. లాస్య పరిగెత్తుకెళ్ళి మీదపడింది.

“నానమ్మా, పేద్ద ముక్క పడిందటగా! చూశావా? ఎంత పెద్దది? ఎలా పడింది?”

“చూశానే” అన్నారావిడ. ఇంకా ఏదో చెబుతారని లాస్య ఎదురుచూసింది. ఆవిడ ఇంకేం చెప్పలేదు, నవ్వారు. లాస్య కాసేపు ఆగి, సూపు తాగడానికి తల్లితో వెళ్ళిపోయింది. మిగతావాళ్ళూ వెళ్ళారు.

పెట్టె తీసుకెళ్దామని వంగిన సుభాషిణి గతుక్కుమంది. కరెంటు తీగ చుట్టచుట్టి అలాగే పెట్టె పక్కన పడి ఉంది. హడావుడిలో ప్లగ్గులో పెట్టడమే మర్చిపోయింది. అబద్ధమాడటానికైనా శ్రద్ధ ఉండాలి! తల్లి చూడకుండా తీగ జేబులో కుక్కబోయింది.

“మీరు పడవెక్కకముందే చూశానే” అన్నారు కనకమ్మగారు, మంచుమీంచి చూపు తిప్పకుండా.

“ఏది?”

“తీగ. పెట్టలేదని.”

“మరి పిలవలేదేం అమ్మా?”

“పిలుద్దామనే లేచాను. పిలిస్తే నువ్వు పైకొస్తావు, పడవ ఆగుతుంది, మీ నాన్న ‘ఈ పెట్టె గొడవెందుకు, నువ్వూ రా’ అంటారు... మళ్ళీ కూర్చుండిపోయాను. నీ పని పాడైతే పాడైందిలే అనుకున్నాను. తప్పేనే. పెద్దదాన్నయ్యుండి.”

అంటే అమ్మ ఆ పని నిజమనే అనుకుంది. కూతురి రెండేళ్ళ పని చెడిపోతుందని తెలిసే కూర్చుంది. సుభాషిణికి గుండె నిండిపోయింది. ఎనిమిది వందల మందికి కట్టి చూసినా ఇంత పెద్ద ఇష్టం తన కంటపడలేదు.

“ఏం పాడవలేదమ్మా. ఓడ ఆరింటికి గానీ కదలదట. ఇంకాసేపు ఉంటావా?”

“ఉంటాను” అన్నారు కనకమ్మగారు. దుప్పటి మోకాళ్ళమీదికి లాక్కుని, కుర్చీలో వెనక్కి వాలారు. “నువ్వు లోపలికెళ్ళు.”